గేరు సైకిల్‌కు వెనక క్యారియర్: బరువు మోసే బోల్టు ఏది, పట్టి ఉంచే బోల్టు ఏది

పాత నల్ల సైకిల్‌కు క్యారియర్ పెద్ద సంగతి కాదు. కాళ్లు రెండూ వెనక ఇరుసుకు, మెడ సీటు కింది బోల్టుకు తగిలిస్తే పని అయిపోయేది. బస్తా వడ్లు వేసినా కిక్కురుమనేది కాదు. గేరు సైకిల్ దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క చెల్లదు. దాన్ని తయారుచేసినవాళ్ల దృష్టి కొండ బాటల మీద, ఎగుడుదిగుళ్ల మీద ఉంది. నల్లగొండ వీధుల్లో 20 లీటర్ల నీళ్ల క్యాను మోయడమో, దేవరకొండ పక్క తోటలో బత్తాయిలు వేసుకుని రావడమో వాళ్ల లెక్కలో లేదు. లావు టైరు, డిస్కు బ్రేకు, డెరైలర్ (గేరు మార్చినప్పుడు చైనును జరిపే భాగం), కొన్నింటికి వెనక షాకప్, ఇవన్నీ సరిగ్గా క్యారియర్ కాళ్లు దిగాల్సిన చోటే ఉంటాయి. అందుకే "ఏ సైకిల్‌కైనా సరిపోతుంది" అని అమ్మిన ర్యాక్ ఇంటికొచ్చాక ఎటు తిప్పినా కూర్చోదు. ఎలాగోలా కూర్చోబెట్టినా కొన్నాళ్లకే ఊగడం మొదలవుతుంది.

చిక్కంతా ఒక్క చోట ఉంది. ర్యాక్‌కు నాలుగు పట్లు ఉంటాయి. ఇరుసు దగ్గర రెండు, సీటు కింద రెండు. నాలుగూ బరువును సమానంగా పంచుకుంటాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బరువు దాదాపు మొత్తం కాళ్ల గుండా కింది రెండు బోల్టుల మీదికి దిగుతుంది. పై రెండు చేతులు చేసే పని వేరు: ర్యాక్ ముందుకో వెనక్కో ఒరగకుండా, పక్కలకు ఊగకుండా పట్టి ఉంచుతాయి. పందిరికి గుంజ ఎలాగో కాళ్లు అలాగ, లాగి కట్టిన తాడు ఎలాగో చేతులు అలాగ. ఎక్కడ రాజీ పడొచ్చో, ఎక్కడ పడకూడదో ఈ తేడాయే చెబుతుంది. పై పట్టుకు క్లిప్పు వేసినా, పట్టీ వంచినా, తాత్కాలికంగా ఏదో ఒకటి చేసినా నడుస్తుంది. కింద నడవదు.

లెక్క చూడండి. ర్యాక్ మీద 20 కిలోలు ఉంటే నిలబడి ఉన్నప్పుడు ఒక్కో కింది బోల్టు మీద పది కిలోలు. ఊరి మొదట్లో వేసిన స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగిన క్షణాన, కంకర తేలిన రోడ్డు మీద గుంతలో పడ్డ క్షణాన అది రెండు మూడింతలవుతుంది. ఆ దెబ్బ పడేది 5 మిల్లీమీటర్ల లావున్న బోల్టు మీద.

కొనడానికి ముందు సైకిల్‌ను తిరగేసి చూడండి

సీటు కింది నుంచి వెనక ఇరుసు దాకా దిగే రెండు సన్న గొట్టాలను సీట్‌స్టేలు అంటారు. వాటి అడుగున, ఇరుసుకు కాస్త పైన లేదా వెనక, రెండు పక్కలా త్రెడ్ ఉన్న చిన్న కన్నాలున్నాయా చూడండి. సీటుకు దగ్గరగా, గొట్టాల పై భాగంలో ఇంకో జత ఉండాలి. ఇవి ఎం5 కన్నాలు, అంటే 5 మిల్లీమీటర్ల బోల్టు, త్రెడ్ చుట్టుకూ చుట్టుకూ మధ్య 0.8 మిల్లీమీటర్లు. నీళ్ల సీసా పెట్టే చట్రం బోల్టులూ ఇవే. దారిలో ర్యాక్ బోల్టు ఒకటి ఊడిపోతే సీసా చట్రం బోల్టు తీసి బిగించుకోవచ్చు. పొడవు తక్కువగా ఉండొచ్చు కాబట్టి ఇల్లు చేరేదాకా మాత్రమే.

ఫ్రేము ఇనుమో అల్యూమినియమో తెలియకపోతే అయస్కాంతం అంటించి చూడండి. అంటుకుంటే ఇనుము. కన్నాలు లేవని అల్యూమినియం ఫ్రేముకు డ్రిల్లు వేయించడం, చెవి వెల్డింగ్ పెట్టించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ గొట్టం గోడ చాలా పలచన. వేడి తగిలితే దాని బలమే తగ్గిపోతుంది. వెంటనే ఏమీ కాదు, అదే అసలు ప్రమాదం. నెలల తర్వాత వెల్డింగ్ పక్కన వెంట్రుకంత బీట వస్తుంది. కార్బన్ ఫ్రేము అయితే క్లిప్పు కూడా బిగించకూడదు.

వెనక షాకప్ ఉన్న సైకిల్ అయితే మామూలు ర్యాక్ ఆలోచన మానుకోండి. మీరు సీటు మీద కూర్చుంటే సీటుకూ ఇరుసుకూ మధ్య దూరం తగ్గుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే కంటికి కనిపిస్తుంది. కాళ్లు ఇరుసు వైపు, చేతులు సీటు వైపు బిగించిన ర్యాక్ ప్రతి గుంతలోనూ ఆ రెండింటి మధ్య నలుగుతుంది. షాకప్ పని చేయదు, ర్యాక్ చేతులు వంగుతాయి, చివరికి కన్నాలే ఊడి వస్తాయి. దీనికి సులువైన దారి సీటు రాడ్డుకు బిగించే రకం. దాని పరిమితులు తర్వాత చెప్పుకుందాం.

ఇక కొలత. 26 అంగుళాల చక్రానికి 2.1 టైరు వేస్తే మొత్తం వ్యాసం సుమారు 66 సెంటీమీటర్లు. 27.5 అయితే దాదాపు 69, 29 అయితే దాదాపు 73. అందులో సగానికి, టైరు పైన కనీసం రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ కలపండి. ఇరుసు దగ్గర నుంచి ర్యాక్ బల్ల దాకా ఉండాల్సిన ఎత్తు అది. 26కు 36, 29కు 39 సెంటీమీటర్లు చేతిలో ఉండాలి. మడ్‌గార్డు ఉంటే ఇంకో సెంటీమీటరు. ఎర్ర చల్కలో తిరిగేవాళ్లకు ఈ ఖాళీ చాలు. నల్లరేగడిలో, అదీ వానాకాలంలో, టైరుకు అంటిన మట్టి ర్యాక్ అడుగున పేరుకుని చక్రాన్ని ఆపేస్తుంది. అటువైపు వాళ్లు నాలుగు సెంటీమీటర్లు వదిలితే మంచిది. కాళ్ల పొడవు సరిచేసుకునే ర్యాక్ అయితే 26కూ 29కూ అదే సరిపోతుంది. కాకపోతే ఆ జారుడు కీళ్ల దగ్గర మరో రెండు బోల్టులు పెరుగుతాయి. వదులయ్యే చోట్లూ పెరిగినట్టే.

డిస్కు బ్రేకు అడ్డొచ్చినప్పుడు

ఎక్కువమందిని ఆపేసేది ఎడమ పక్క. డిస్కును పట్టే కాలిపర్ కొన్ని ఫ్రేములకు సీట్‌స్టేకూ, ఇరుసు నుంచి పెడళ్ల వైపు పోయే కింది గొట్టానికీ (చైన్‌స్టే) మధ్య త్రికోణంలో లోపల ఉంటుంది. అలాంటప్పుడు చిక్కు లేదు. కొన్నింటికి సీట్‌స్టే వెనక, బయటికి పొడుచుకుని ఉంటుంది. అప్పుడు ర్యాక్ ఎడమ కాలు సరిగ్గా దాని మీదే వస్తుంది. కాలు కాలిపర్‌కు తగిలితే చప్పుడుతో పోదు. కాలిపర్ ఒక పక్కకు తోయబడి డిస్కు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటుంది. తీగతో పనిచేసే డిస్కు బ్రేకయితే ప్యాడ్ సరిచేసే మరకు అలెన్ కీ పెట్టడానికి సందుండాలి.

డిస్కు సైకిళ్ల కోసమే చేసిన ర్యాక్ కొనడం శుభ్రమైన పరిష్కారం. దాని కాళ్లు అడుగున బయటికి వంగి ఉంటాయి. అది దొరక్కపోతే ఫ్రేముకూ కాలికీ మధ్య స్పేసర్, అంటే చిన్న లోహపు గొట్టం ముక్క పెట్టి, పొడుగు బోల్టు వేయాలి. ఇక్కడే ఎక్కువ బోల్టులు విరుగుతాయి. ఎందుకో తెలిస్తే విరగకుండా చూసుకోవచ్చు. స్పేసర్ గట్టిగా బిగిసి ఉంటే బరువు స్పేసర్ అంచుల మీద ఒరుగుతుంది, బోల్టు లాగి పట్టుకునే పని మాత్రమే చేస్తుంది. కాస్త వదులైతే చాలు, స్పేసర్ పని మానేస్తుంది. 15 మిల్లీమీటర్ల దూరంలో వేలాడే బరువంతా ఆ సన్నని బోల్టును ప్రతి కుదుపుకూ వంచుతుంది. వంగి లేచి వంగి లేచి, ఫ్రేములోకి దిగే చోట, త్రెడ్ మొదట్లో తెగుతుంది. సగం ముక్క కన్నంలోనే ఉండిపోతుంది. బోల్టు బరువుకు విరగడం అరుదు, వదులుకు విరుగుతుంది.

కాబట్టి స్పేసర్ అల్యూమినియందో ఇనుముదో అయి ఉండాలి. వెడల్పు 10 నుంచి 12 మిల్లీమీటర్లు, పొడవు తప్పనిసరైనంత వరకే. ప్లాస్టిక్ గొట్టం నలిగి వదులవుతుంది. వాషర్లను ఒకదాని మీద ఒకటి పేర్చడం కూడా అంతే, ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు జారుతుంది. రెండు పక్కలా ఒకే పొడవు స్పేసర్ వేయండి, లేకపోతే ర్యాక్ ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. బోల్టు తల మీద 8.8 అని బలం గుర్తు ఉండాలి. స్టెయిన్‌లెస్ అయితే ఏ2-70. గుర్తేమీ లేని మెత్తటి బోల్టు ఈ చోట వేయకండి. రూపాయల తేడా, అంతే.

కుడి పక్క కొలిచేది లోపలి వైపు

కుడి కింది కన్నానికి లోపలి వైపున చైను, అన్నింటికంటే చిన్న పళ్ల చక్రం ఉంటాయి. అక్కడ బోల్టు రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నా కొన ఫ్రేము లోపలికి పొడుచుకొస్తుంది. మామూలు గేరులో ఏమీ తెలియదు. వేగం కోసం చిన్న పళ్ల చక్రం మీదికి గేరు మార్చగానే చైను బోల్టు కొనకు తగిలి టకటకమంటుంది. తొక్కుతూ ఉంటే చైను ఆ సందులో ఇరుక్కుని డెరైలర్‌ను కూడా లాగేస్తుంది.

కాలి మందం 5 లేదా 6, వాషర్ 1, కన్నం లోతు 5 నుంచి 8 మిల్లీమీటర్లు. అన్నీ కలిపితే స్పేసర్ లేనప్పుడు 11 నుంచి 15 మిల్లీమీటర్ల బోల్టు సరిపోతుంది. కొన కన్నం లోపలి అంచుతో సమంగా ఆగాలి, లేదా అర మిల్లీమీటరు తక్కువ. పొడవైతే ఆకురాయితో అరగదీయండి. బిగించాక గేరును చిన్న పళ్ల చక్రం మీద పెట్టి, పెడల్ వెనక్కి తిప్పుతూ వెలుగులో చూడండి. చైనుకూ బోల్టుకూ మధ్య వెలుతురు కనిపించాలి. ఎడమ పక్కన ఈ ఇబ్బంది లేదు. అక్కడ లోపలి నుంచి నైలాక్ నట్టు (లోపల నైలాన్ వలయం ఉండి వదులవని నట్టు) కూడా వేయొచ్చు, డిస్కుకు తగలకుండా ఉంటే.

బిగించే తీరు

4 నంబర్ అలెన్ కీ, 8 నంబర్ పానా, కాస్త గ్రీజు, నీలిరంగు లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు), ఒక బట్ట. సామాను ఇంతే. ఫ్యాక్టరీ పెయింటు కన్నాల్లో గడ్డకట్టి ఉంటుంది. ముందు ఒట్టి బోల్టుకు నూనె రాసి, అర చుట్టు లోపలికి, పావు చుట్టు బయటికి తిప్పుతూ త్రెడ్ శుభ్రం చేయండి. మొదటి రెండు చుట్లూ చేత్తో తిరగాలి. చేత్తో తిరగకపోతే అది వంకరగా ఎక్కుతోందని అర్థం, కీతో బలవంతం చేస్తే త్రెడ్ పోతుంది.

నాలుగు బోల్టులూ ముందు వేళ్లతోనే, సగం దాకా. ఏ ఒక్కటీ పూర్తిగా బిగించకండి. కింది రెండూ బిగించేశాక పై చేతులు అందక, ర్యాక్‌ను లాగి పట్టి బోల్టు ఎక్కించడం అందరూ చేసే పొరపాటు. అలా చేస్తే బరువు పెట్టకముందే ర్యాక్ ఒత్తిడిలో ఉంటుంది. నాలుగూ వదులుగా ఉండగా బల్లను నేలకు సమాంతరంగా తెచ్చి, చక్రానికి సరిగ్గా నడుమ ఉందో వెనక నుంచి చూసి, అప్పుడు కింది రెండు, తర్వాత పై రెండు బిగించాలి. ఎంత గట్టిగా? ఎం5 బోల్టుకు 5 న్యూటన్ మీటర్లు. బిగింపును కొలిచే టార్క్ పానా లేకపోతే 10 సెంటీమీటర్ల పిడి చివర 5 కిలోల బలం అనుకోండి. వేలు, మణికట్టుల బలం చాలు, భుజం వాడకూడదు. లాక్‌టైట్ వేసే బోల్టుకు గ్రీజు వద్దు, రెండూ కలిస్తే రెండూ పనిచేయవు.

పై చేతుల వంపు గురించి కొంచెం ఆగి చెప్పాలి. అవి ర్యాక్ ముందు అంచు నుంచి దాదాపు అడ్డంగా వెళ్లి సీట్‌స్టేలను అందుకుంటే పట్టు బాగుంటుంది. ర్యాక్ ఒరిగేది కింది బోల్టుల చుట్టూ కదా, అడ్డంగా పోయే చేతికి ఆ బోల్టు నుంచి పూర్తి ఎత్తు దొరుకుతుంది. చేయి నిటారుగా పైకి, సీటు బిగింపు దాకా లేస్తే ఆ మీట చిన్నదవుతుంది. ఎక్కువ బలంతో పట్టాల్సి వస్తుంది, పట్టీ పొడవు కాబట్టి వంగడమూ ఎక్కువే. రెండు చేతులూ ఒకదానికొకటి దూరంగా రెండు గొట్టాలకు అందాలి. నడుమ ఒక్క చెయ్యే ఉన్న చవక ర్యాకులు ముందుకు వెనక్కు ఆగుతాయి గాని పక్కలకు తోకలా ఊగుతాయి. అల్యూమినియం పట్టీని ఒక్కసారే, కన్నానికి దూరంగా, వైస్‌లో పట్టి మెల్లగా వంచండి. వంచి, మళ్లీ సరిచేసి, మళ్లీ వంచితే అక్కడే బీట వస్తుంది.

వి-బ్రేకులు, అంటే రెండు చేతులతో రిమ్మును పట్టే బ్రేకులు, ఉన్న సైకిల్‌కు ఇంకో జాగ్రత్త. బ్రేకు చేతులు పూర్తిగా విచ్చుకునే చోటు, పక్కనుంచి వచ్చే వంపు గొట్టం ర్యాక్‌కు తగలకూడదు. బ్రేకు నొక్కి వదిలి చూస్తే తెలిసిపోతుంది.

మొదటి 30 కిలోమీటర్ల తర్వాత నాలుగూ మళ్లీ బిగించి చూడాలి. పెయింటు నలిగి, వాషర్లు కూర్చుని, ప్రతిదీ కాస్త వదులవుతుంది. ఆ తర్వాత నెలకోసారి చాలు.

కన్నాలే లేకపోతే

పై పట్టుకు లోపల రబ్బరు ఉన్న పి-క్లిప్పు, అంటే గొట్టం చుట్టూ బిగించే పట్టీ, చక్కగా పనిచేస్తుంది. గొట్టం చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. చుట్టుకొలత 50 మిల్లీమీటర్లయితే 16 నంబర్ క్లిప్పు. సీటు రాడ్డును బిగించే పట్టీకి బదులు రెండు కన్నాలున్న పట్టీ కూడా దొరుకుతుంది. కింద మాత్రం క్లిప్పును నమ్మొద్దు. ఆరేడు కిలోలకు మించితే అది గొట్టం వెంట కిందికి జారుతుంది, జారుతూ పెయింటును, ఆ తర్వాత లోహాన్ని గీకుతుంది.

కింద కన్నాలు లేనప్పుడు బరువు ఇరుసుకే ఇవ్వాలి. ఇరుసుకు నట్లున్న సైకిలయితే 15 నంబర్ పానాతో నట్టు తీసి, పాత నల్ల సైకిల్ పద్ధతిలో ర్యాక్ కాలును ఇరుసు మీదే వేయొచ్చు. షరతు ఒక్కటే: కాలు వేశాక నట్టు పూర్తిగా ఎక్కి, ఇరుసు రెండు చుట్లయినా బయటికి కనిపించాలి. కుడి పక్క డెరైలర్ పట్టీ ఇప్పటికే కొంత పొడవు తినేస్తుంది, అక్కడే చాలదు. చాలకపోతే పొడుగు ఇరుసు వేయించాలి. నట్టును సగం త్రెడ్ మీద ఆపకూడదు. నట్లు లేక మీటతో బిగించే ఇరుసయితే దానికి సరిపడే పొడుగు కడ్డీతో వచ్చే ర్యాకులు ఉన్నాయి. ఈ పద్ధతిలో ఒక చికాకు తప్పదు: పంచరైన ప్రతిసారీ చక్రంతోపాటు ర్యాక్ కాళ్లూ విప్పాలి. సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ఉన్న బాటల్లో తిరిగేవాళ్లకు ఇది చిన్న చికాకు కాదు.

త్రెడ్ పోయిన కన్నం ఉందనుకోండి. 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో సరిచేసి ఎం6 ట్యాప్ (కొత్త త్రెడ్ కోసే పనిముట్టు) వేయించొచ్చు, కన్నం చుట్టూ లోహం తగినంత ఉంటేనే.

సీటు రాడ్డు ర్యాక్ సంగతి. ఆన్‌లైన్‌లో కొన్నింటి మీద 50 కిలోలని రాసుంటుంది. లెక్క వేయండి: రాడ్డు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో 10 కిలోలు పెడితే రాడ్డు మీద పడే మెలి దాదాపు 30 న్యూటన్ మీటర్లు, గుంతలో దానికి రెండింతలు. కింద మోసే కాళ్లు లేవు. బరువు ఒక పక్కకు ఉంటే ర్యాక్ మొత్తం రాడ్డు చుట్టూ తిరిగిపోతుంది. టిఫిన్ డబ్బా, బట్టల సంచి, వాన కోటు, ఇలా పది కిలోల లోపు దానికి తగిన పని. రాడ్డు మీద కనిష్ఠ గీత ఫ్రేము లోపలికి దిగి ఉందో లేదో కూడా చూడండి.

ఇనుమా, అల్యూమినియమా

అల్యూమినియం ర్యాక్ ముప్పావు కిలో నుంచి కిలో తూగుతుంది, తుప్పు పట్టదు. చాలావాటి మీద 25 కిలోలని ముద్ర ఉంటుంది. కానీ బీట వచ్చిందంటే దాని కథ అక్కడితో సరి. దానికి టిగ్ వెల్డింగ్ కావాలి, కల్వకుర్తి నుంచి హాలియా దాకా ఊరూరా ఉన్న వెల్డింగ్ షాపుల్లో మామూలుగా ఉండేది ఇనుముకు పనికొచ్చే ఆర్క్ మిషనే. రోజూ బరువు మోసేవాళ్లకు, ముఖ్యంగా పట్టణానికి దూరంగా ఉండేవాళ్లకు, ఇనుప ర్యాకే మేలు. విరిగిన చోటే అతికించుకోవచ్చు.

వెల్డింగ్ షాపులో చేయించుకోవడమూ కష్టం కాదు. 8 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ మూడున్నర మీటర్లు చాలు, మీటరుకు దాదాపు 400 గ్రాములు, అంటే మొత్తం కిలోన్నర లోపు. 10 మిల్లీమీటర్లది వాడితే రెండు కిలోలు దాటుతుంది, అంత అవసరం లేదు. కాళ్ల చివర 25 బై 5 పట్టీ ముక్క అతికించి 5.5 మిల్లీమీటర్ల కన్నం వేయించండి. కడ్డీనే చదును చేసి కన్నం పెడితే అక్కడే తెగుతుంది. కొలతలు సైకిల్ మీద తీసుకోండి గాని, వెల్డింగ్ మాత్రం ర్యాక్‌ను విప్పి కింద పెట్టి చేయించండి. సైకిల్ మీద ఉండగా చేస్తే కరెంటు ఇరుసు బేరింగుల గుండా పోయి గుండ్లను పాడుచేస్తుంది. తర్వాత రెడ్ ఆక్సైడ్, దాని మీద పెయింటు.

బరువు వేసేటప్పుడు

20 లీటర్ల క్యాను నిండితే, క్యాను బరువుతో కలిపి 20 కిలోలు దాటుతుంది. 25 కిలోల ర్యాక్‌కు అది లోబడే ఉంది. చిక్కు ఎత్తుతో. అర మీటరు ఎత్తున్న క్యానును నిలబెడితే బరువు నడుమ నేలకు దాదాపు మీటరు ఎత్తున ఉంటుంది, వంపు తిరిగేటప్పుడు సైకిల్ మీ మాట వినదు. పడుకోబెట్టి, మూత ముందువైపు ఉంచి, పాత ట్యూబు పట్టీలతో రెండుచోట్ల అడ్డంగా, ఒకచోట నిలువుగా కట్టండి. దానికంటే పది లీటర్ల క్యాన్లు రెండు, రెండు పక్కలా కిందికి వేలాడదీయడం మంచిది. సగం నిండిన క్యాను నిండు క్యాను కంటే చెడ్డది, లోపల నీళ్లు ఊగుతాయి. నిండు గ్యాస్ సిలిండర్ ఖాళీ బరువుతో కలిపి 30 కిలోల దాకా ఉంటుంది కాబట్టి అల్యూమినియం ర్యాక్ మీద వేయకూడదు. మనిషిని ఎక్కించుకోవడమైతే అసలే కుదరదు, నల్ల సైకిల్ అలవాటును ఇక్కడికి తేవొద్దు.

బరువు ఇరుసుకు నేరుగా పైన లేదా కాస్త ముందుకు ఉండాలి. వెనక్కి పోయిన కొద్దీ ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలుతుంది. పక్క సంచులయితే మరీ ముందుకు తెస్తే మడమ తగులుతుంది. పెడల్ వెనక్కి తిప్పుతూ, చెప్పు సంచికి రాసుకోని చోట ఆపండి. వెనక టైరు గాలి, టైరు పక్క మీద ముద్రించిన గరిష్ఠాన్ని దాటకుండా, కాస్త పెంచండి. వెనక చక్రం పుల్లలను వేళ్లతో జతజతగా నొక్కి చూడండి, వదులు పుల్ల ఉంటే బరువు వేశాక అదే ముందు తెగుతుంది. దోమలపెంట నుంచి శ్రీశైలం డ్యాం వైపు దిగే ఘాట్ లాంటి చోట్ల బరువుతో దిగితే బ్రేకు దూరం బాగా పెరుగుతుంది, ప్యాడ్లు కొత్తవి ఉండాలి. పక్క స్టాండు ఒక్కటే ఉన్న సైకిల్‌ను బరువుతో నిలబెట్టకండి, గోడకు ఆనించి, బరువు దించి, అప్పుడు స్టాండు వేయండి.

వెనక ఎర్ర రిఫ్లెక్టర్ సీటు రాడ్డుకు ఉంటే సామాను దాన్ని కప్పేస్తుంది. తీసి ర్యాక్ వెనక అంచుకు బిగించండి.